పెనుకొండ దాకా ఇంగ్లీషు

మా ఇంట్లో ఇంగ్లీషు ఆలుమగలిద్దరికీ సగం సగం వచ్చు. రూల్స్ అన్నీ ఆమె దగ్గరుంటాయి, నోరు నా దగ్గరుంటుంది. ఆమె ప్రైవేటుగా కట్టి డిగ్రీ పాసైన మనిషి. నేను ఏడో తరగతి మధ్యలో కడుపునొప్పి అని చెప్పి ఇంటికొచ్చినవాణ్ణి, ఇంతవరకూ తిరిగి పోలేదు. బడివాళ్లూ నా కోసం వెతకలేదు. ఎవరికి వాళ్లం హాయిగా ఉన్నాం.

ధర్మవరంలో మా ఇంట్లోనే పట్టుచీరల మగ్గం. నేను నేస్తాను. ఆమె పక్కన కూర్చుని పేకకు కండెలు చుడుతుంది. మా అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని మా ఇద్దరికీ అధ్యక్షత వహిస్తుంది.

పెనుకొండ దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో పనికి మనుషులు కావాలని తెలిసినప్పుడు మా ఆవిడ అర్జీ పెట్టింది. ఎందుకని అడిగితే చుడుతున్న కండె ఆపి చెప్పింది.

"నాకొక కుర్చీ కావాల బావా. చక్రాలుండేది. నేను లేచి పోయినా దాంట్లో ఇంకెవరూ కూచోగూడదు."

నవ్వుదామని నోరు తెరిచి ఆమె ముఖం చూసి మూసుకున్నాను. అది నేను తరచుగా చేసే పని కాదు, అందుకే బాగా గుర్తుంది.

వాళ్లు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. మాట్లాడేదంతా ఇంగ్లీషులోనే అన్నారు. అక్కడ వచ్చింది చిక్కు. మా ఆవిడకు ఇంగ్లీషు రాయమంటే కాగితం చాలదు, మాట్లాడమంటే గొంతు దాటదు. ఒక వాక్యం అనాలంటే ముందు తెలుగులో అనుకుంటుంది, ఇంగ్లీషులోకి మారుస్తుంది, టికెట్ కలెక్టర్ లాగా ఒక్కో పదాన్నీ నిలదీసి నీ టెన్స్ ఏది, నీ ఎస్ ఏది అని అడుగుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకుని నోరు తెరిచేలోపు ఎదుటివాళ్లు భోజనానికి వెళ్లిపోయి ఉంటారు.

అందుకని ఆదివారం ఆదివారం హిందూపురంలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు చేర్చాను. పొద్దున ప్యాసింజరు రైలెక్కి ఇద్దరం పోయేవాళ్లం. ఆమె లోపల బెంచీ మీద, నేను బయట మెట్ల మీద చెప్పులకు కాపలా. మొదటి రోజు మేడం ఆమెను "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగింది. ఆమె ఇంకా పదాలను తనిఖీ చేస్తున్నట్టుంది. నాకు ఓపిక నశించి కిటికీలోంచి ఆమె పేరు నేనే అరిచాను. మేడం బయటికొచ్చి చూసింది.

"ఏమప్పా, బయట కూచొని జవాబులు చెప్పేదానికంటే లోపలికొచ్చి తప్పులు చెప్పకూడదూ?"

అలా నేను మళ్లీ బడిలో పడ్డాను.

మేడం హిందూపురం మనిషే. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించి మధ్యలో ఇంగ్లీషు నేర్పేది. ఇంగ్లీషు వాక్యంలో చేసేవాడు ముందు, చేసే పని మధ్యలో, మిగతా సరంజామా ఆ తరువాత అని ఆమె బోర్డు మీద రాసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మన తెలుగులో అసలు సంగతి చిట్టచివరికి గానీ బయటపడదు కదా. మా పెళ్లిచూపుల్లో మా మామ, సొంత మామే అయినా సరే, గొంతు సవరించుకుని "అబ్బాయి మంచోడే, మగ్గం పనీ బాగా తెలిసినోడే, నోరు కొంచెం ఎక్కువైనా మనసు మంచిదే, ఇవన్నీ చూసుకుంటే మా పాపకు..." అని ఆపి నీళ్లు తాగాడు. నా నోట్లో మైసూరుపాకు ముక్క ఉంది. మింగాలో కక్కాలో తెలియదు. నచ్చినాడో, నచ్చలేదో, ఆ ఒక్క క్రియాపదం కోసం చెమటలు కక్కాను. అదే ఇంగ్లీషులో అయితే రెండో మాటకే తేలిపోయేది, మైసూరుపాకు ప్రశాంతంగా నమిలేవాణ్ణి.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. తెలుగులో పదాలు పెళ్లి భోజనానికొచ్చిన చుట్టాల్లాంటివి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాయి. "అత్త కోడల్ని తిట్టింది" అన్నా, "కోడల్ని అత్త తిట్టింది" అన్నా తిట్లు కోడలికే. ఇంగ్లీషు మాత్రం రిజర్వేషన్ బోగీ. సీట్లు మారాయో, కోడలే అత్తను తిడుతుంది. మేడం ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. ఆ వారం నుంచి ఎవరూ క్లాసు ఎగ్గొట్టలేదు.

"డజ్" అనే మాట వచ్చి వాక్యంలో నిలబడితే అసలు క్రియ తన ఎస్ ఊడదీసి ఇచ్చేయాలట. ఎందుకో మా ఆవిడకు పుస్తకం చూసి తెలుసు, నాకు ఇంట్లో చూసి తెలుసు. చిన్నప్పుడు మా అన్నకూ నాకూ కలిపి మంచి చొక్కా ఒకటే ఉండేది. వాడు వేసుకుని ఊరేగితే నేను ఒట్టి ఒంటితో గడపలో కూర్చునేవాణ్ణి. ఇది చెబితే మేడం బోర్డు తుడిచే గుడ్డతో ముఖం దాచుకుని నవ్వింది.

గొడవంతా ప్రశ్నల పాఠంతో వచ్చింది. మేడం బోర్డు మీద మొట్టమొదట రాసిన ప్రశ్న, "వేర్ ఆర్ యూ గోయింగ్?" దాని అర్థం తెలియగానే క్లాసు మొత్తం బిగుసుకుపోయింది. బయటికి పోయే మనిషిని యాడికని అడగడమా? అడిగితే వాళ్లు చెప్పులు విప్పి, లోపలికొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. లేకపోతే పోయిన పని కాదు. మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి. పరిగి నుంచి వచ్చే ఒక కిరాణా కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"మేడం, ఏమైనా చెప్పు, ఆ మాట మాత్రం నేననను."

"మరి ఇంట్లోంచి పోయేవాళ్లను ఏమని అడుగుతావప్పా?"

"ఎంత దూరం అని అడుగుతా. అదే కదా పద్ధతి."

"హౌ ఫార్?" అంది మేడం తెలియకుండానే. ఇక అంతే. ఆ రోజు నుంచి క్లాసులో ఎవరు లేచినా, నీళ్లు తాగడానికి లేచినా సరే, "హౌ ఫార్ సార్? హౌ ఫార్ మేడం?" మేడం నెత్తీ నోరూ బాదుకుంది. చివరికి ఒకరోజు కోపంగా, సరైన ప్రశ్న అడిగితే గానీ ఇంటికి పంపనని చెప్పి తన బ్యాగు భుజానికి తగిలించుకుంది. అందరం ధైర్యం చేసి ఒక్క గొంతుతో అరిచాం. "వేర్ ఆర్ యూ గోయింగ్, మేడం?"

మేడం ఒక కాలు చెప్పులో పెట్టి ఆగిపోయింది. మా వైపు చూసింది. చెప్పు విప్పి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, సీసా తీసి రెండు గుక్కలు నీళ్లు తాగి వెళ్లింది. ఒక్కరు కూడా నవ్వలేదు. ఎందుకు నవ్వుతాం?

ఇంటికొచ్చాక మా అవ్వ మంచం మీంచి అడిగింది.

"ఏం నేర్చుకొనొచ్చినావురా ఈరోజు?"

"యాడికి పోతాండావు అని ఇంగ్లీషులో అడిగేది నేర్చుకున్నానవ్వా."

"దానికొక బడా? చిన్నప్పుడు మూతి మీద కొట్టి మాన్పిస్తిని కదరా ఆ మాట! ఎట్లంటారో అను."

అన్నాను. అవ్వ రెండు మూడుసార్లు పెదాలు కదిపి చూసుకుంది. వేలిముద్ర మనిషే, కానీ ఒకసారి విన్న మాట ఆ చెవి నుంచి బయటికి పోవడం నేనెన్నడూ చూడలేదు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. పది గంటలకు అక్కడ ఉండాలి. తెల్లవారేసరికే మా ఆవిడ తయారైంది. నేను నేసిన చీరే కట్టుకుంది. చేతిలో ఫైలు. ముఖంలో రక్తం లేదు. రాత్రంతా "మై సెల్ఫ్ అనాలా, ఐ యామ్ అనాలా" అని అడుగుతూనే ఉంది. ఇలాగే పోతే అక్కడ నోరు పెగలదని నాకు భయం వేసింది. కాస్త ఉత్సాహపరుద్దామని, ఆమె గడప దాటి కాలు కింద పెట్టే సమయానికి ఇంగ్లీషు దొర లాగా చేయి ఊపి అన్నాను.

"వేర్ ఆర్ యూ గోయింగ్, మేడం?"

మంచం కిర్రుమంది. అవ్వ మేము ఎన్నడూ చూడనంత వేగంగా లేచొచ్చి వాకిలికి అడ్డం నిలబడింది.

"ఆగు పాపా. లోపలికి రా. కూచో. నీళ్లు తాగు."

"అవ్వా, రైలు పోతాది!" అంది మా ఆవిడ.

"పోతే పోనీ. ఈ ముండమోపి అడిగినాడు కదా యాడికని."

"అవ్వా, ఇంగ్లీషులో కదా అడిగింది, అది లెక్కలోకి రాదు," అన్నాను.

అవ్వ నన్ను పురుగును చూసినట్టు చూసింది. "శకునానికి భాష యాడిదిరా? పిల్లి ఏ భాషలో అడ్డమొస్తాది?"

మా ఆవిడ నన్ను కళ్లతోనే మగ్గం గుంతలో పూడ్చిపెట్టి లోపలికెళ్లి కూర్చుంది. అవ్వ నీళ్లు తెచ్చింది. గబగబా తాగితే దగ్గొచ్చింది. దగ్గితే శకునం పోదని మళ్లీ మొదటి నుంచి తాగించింది. మేము స్టేషన్ చేరేసరికి రైలు వెనక పెట్టె కనిపించింది. అదైనా కనిపించిందని నేనంటే ఆమె బస్టాండు దారి పట్టింది.

హిందూపురం బస్సు పట్టుకున్నాం. పెనుకొండ మీదుగానే పోతుంది. బస్సులో సగం మంది నాకు వరసైనవాళ్లు, మిగతా సగం మా అవ్వకు వరసైనవాళ్లు. ఆమె కిటికీ పక్కన కూర్చుని పెదాలు బిగబట్టింది. కండక్టరు వచ్చాడు.

"యాడికప్పా?"

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది. "విన్నావా? ఈయప్పా అడిగినాడు. దిగి నీళ్లు తాగి మళ్లా ఎక్కుదామా?"

ముందు సీట్లోంచి రెండు తలలు తిరిగాయి. వెనక సీట్లో మా వీధి అక్క మెడ చాచింది. ఈ బస్సులో తెలుగులో ఒక్క మాటన్నా మాకంటే ముందు మా వీధికి చేరుతుందని ఆమెకు గుర్తొచ్చింది. కానీ లోపల ఉన్నది ఆగేటట్టు లేదు. నా వైపు వేలెత్తింది.

"యూ," అంది.

వాక్యం అంతే అనుకున్నాను.

"యూ నెవర్ క్లోజ్ యువర్ మౌత్!"

చూస్తే చేసేవాడు ముందు, పని మధ్యలో, మిగతాది చివర, ఎవరి సీట్లో వాళ్లున్నారు. తనిఖీ లేదు, నిలదీత లేదు. నాకు ఒళ్లంతా పులకరించి "వెరీ గుడ్!" అనేశాను. మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది.

ఇక ఆగలేదామె. పెళ్లయిన నాటి నుంచి నేను చేసినవన్నీ పాస్ట్ టెన్స్‌లో, అప్పుడు ఆ సీట్లో కూర్చుని చేస్తున్నవి కంటిన్యువస్‌లో, నేను చేయకుండా వదిలేసినవి నెగెటివ్‌లో వరసగా వచ్చాయి. ఒక్క ఎస్ కూడా జారిపోలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే "అండ్?" అని నేనే అందించాను. వెనక అక్క ఉండబట్టలేక నా భుజం తట్టింది.

"ఏం చెప్తాందప్పా మీ ఇంటామె?"

"నన్ను పొగుడుతాందక్కా."

"పొగిడేవాళ్లు అట్ల వేలు చూపిచ్చరే!"

కంపెనీ స్టాపులో దిగినా ఆమె ఆపలేదు. పది దాటింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అడ్డొస్తే అదే వేడిలో చెప్పింది. "ఐ హ్యావ్ యాన్ ఇంటర్వ్యూ. ఐ యామ్ లేట్. మై హస్బెండ్ ఈజ్ ద రీజన్." ఆయన ఆమెకు సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"నువ్వేనాప్పా రీజన్?"

"నేనేనన్నా."

ఆయనది సోమందేపల్లి. స్టూలు జరిపి కొంచెం చోటిచ్చాడు. జరిగిందంతా చెప్పాను. నన్ను ఓదారుస్తాడనుకుంటే అవ్వ పక్షం తీసుకున్నాడు. "ఆయమ్మ చేసిందే కరెక్టు. అడిగినాక ఎట్ల పంపుతారప్పా?" అన్నాడు. నేను గేటు వైపే చూస్తున్నాను. రైలు పోయింది సరే, టైము దాటింది సరే, నా నోటి మూలంగా ఆమె కుర్చీ పోతే? ఆ మాట అనుకున్నాక ఆయన ఏమడిగినా నాకు జోకు రాలేదు. ఆయనే రెండు జోకులు చెప్పాడు. బాగా లేవు.

ఆమె బయటికొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"ఎందుకు లేటని అడిగినారు," అంది. "చెప్పినా. మొత్తం చెప్పినా. నువ్వడిగింది, అవ్వ నీళ్లు తాగిచ్చింది, బస్సు. నవ్వి నవ్వి ఆ ఆఫీసు మేడం కళ్లు తుడుచుకున్యాది. మళ్లా మగ్గం గురించి అడిగినారు, అదీ చెప్పినా. ఇంక చాలమ్మా అని వాళ్లే ఆపినారు. ఒకటో తేదీ నుంచి రమ్మన్యారు. కుర్చీ కూడా చూపించినారు. చక్రాలుండాయి."

సెక్యూరిటీ ఆయన చప్పట్లు కొట్టాడు. నేను ఎగిరి ఆమె ఫైలు లాక్కుని గాల్లో తిప్పబోయాను.

"నవ్వద్దు," అంది. "ఐ హ్యావ్ నాట్ ఫినిష్డ్ విత్ యూ."

బస్సులో ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఎండలో బస్టాపు వైపు నడిచాం. నేను ఫైలు చంకలో పెట్టుకుని, తలూపుతూ, పక్కనే. మధ్యలో ఒక కొత్త మాట వచ్చింది, నాకు అర్థం కాలేదు. అదేమిటని అడిగాను. ఆమె తిట్టడం ఆపి, నిలబడి, దాని అర్థం విడమరచి చెప్పి, నాకు తెలిసిందో లేదో ఒకసారి అడిగి చూసుకుని, మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.