మూల లేని కార్డు

పసుపు వేలికి అంటితే ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు. పొద్దున్నే ఒక పోస్టుకార్డు నాలుగు మూలలకూ పసుపు పెట్టాను, నా బొటనవేలు ఇప్పటికీ ఆ వాసనే వేస్తోంది. కంది కోతలు మొదలయ్యాయంటే ఏటా నాకు ఇదే అవస్థ. మా చెల్లె పుట్టినరోజూ, మా నాయనమ్మ పోయిన రోజూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ రెంటి మధ్యా నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటాను.

నారాయణఖేడ్‌లో మా వాడంతటికీ ఉత్తరాలు రాసిపెట్టింది మా నాయనమ్మ ఎస్తేరమ్మే. మిషన్ బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు ఆమెవి. కూలి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, రొట్టెల పిండి పక్కకు జరిపి మరీ రాసేది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, పెద్దవాళ్లు పోయినా, పోయినవాళ్ల సంవత్సరీకానికి చుట్టాలను పిలవాలన్నా మా ఇంటికే వచ్చేవారు. పుట్టిన కబురైతే పొయ్యి పక్కన వెచ్చగా కూర్చుని రాసి కార్డు మూలలకు పసుపు పెట్టేది. చావు కబురైతే ఇంట్లో రాసేది కాదు, బయట అరుగు మీద రాసి ఒక మూల చింపేది. మూల చింపిన కార్డును ఎవరూ గడప దాటించరు, బయటే చదివి చించి పారేస్తారు. అందుకే వాకిట్లో ఎవరైనా పిలిస్తే, నాయనమ్మ వాళ్లను లోపలికి రమ్మంటుందా, తనే లేచి బయటికి పోతుందా అని మేం పిల్లలం చేతిలో గచ్చకాయలు చేతిలోనే పెట్టుకుని చూసేవాళ్లం. మనకు ఈ పసుపెందుకమ్మా అని పాస్టరు ఒకసారి అడిగితే, "మరి కంది పువ్వుకు పసుపు పూసిందెవలయ్యా?" అని తిరిగి అడిగిందట. నాగల్‌గిద్దలో మా అమ్మమ్మవాళ్లు మాత్రం పాస్టరు మాట విని పసుపు మానేశారు. అదే మా కొంప ముంచింది.

ఆ ఏడు అమ్మ రెండో కాన్పుకు నాగల్‌గిద్ద పోయింది. నాన్న పట్నంలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. నాయనమ్మ పొద్దున్నే మనూర్ వైపు కంది కోతకు పోయింది. ఇంటి దగ్గర మిగిలింది ఇంకా బడికి పోని నేనూ, చదువురాని మా తాతా, ఒక మేకా. చలి ఇంకా వదలలేదు, వాడంతా కందికట్టెల పొగ కమ్ముకుని ఉంది, నేను లోపల కూర్చుని ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటే ఒలుచుకు తింటున్నాను. మా ఇంట్లో చదివే మనిషి ఉంది గనుక పోస్టుమాన్ ఎప్పుడూ ఆగేవాడు కాదు, కార్డు అరుగు మీద పడేసి సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. ఆ రోజూ అలాగే పోయాడు. తాత చుట్ట వెలిగించుకుని లోపల్నుంచి వచ్చేసరికి అరుగు మీద కార్డు ఉంది. దానికి పసుపు లేదు. ఒక మూల కూడా లేదు.

తాత దాన్ని చేత్తో ముట్టుకోలేదు. గాలికి ఎగరకుండా పైన ఒక రాయి పెట్టి పక్కన కూలబడ్డాడు. చుట్ట ఆరిపోయింది. పక్కింటి పెంటమ్మ వచ్చి, మా పిల్లగాడు పదో తరగతి, జల్దీ పిలుస్తా, చదివిపెడతాడంది. తాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. నా పెండ్లాం ఒచ్చినంక ఆమెనే సదువుతది. సదువనంత సేపు కోడలు బతికే ఉన్నట్టు."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రాయి కింద ఉన్నది మా అమ్మ అని. కందికాయలు అక్కడే వదిలేశాను. గల్లీ చివరికి పోయి మనూర్ తోవ చూసి వచ్చేదాన్ని, వచ్చి ఆ రాయిని చూసి మళ్లీ పోయేదాన్ని. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని సన్నగా ఏడుపు అందుకుంటే తాత కసిరి ఊరుకోబెట్టాడు. నాయనమ్మ ఎప్పటికీ రాకపోతే బాగుండుననిపించేది, మరుక్షణం ఇంకా రాదేమని ఏడుపొచ్చేది.

పొద్దు వాలాక కంది మోపు నెత్తిన పెట్టుకుని నాయనమ్మ వచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి మోపు అక్కడే వదిలేసింది. తాత రాయి వైపు చూపించాడు. ఆమె కార్డు తీసుకుని మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదువుకుంది. తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఆడపిల్ల. తల్లి, బిడ్డ మంచిగున్నరు."

ఆమె కార్డు తిప్పి చూసింది, నమిలినట్టు పీచులుగా ఉన్న ఆ అంచును వేలితో తడిమింది, అరుగు పక్క గుంజ దగ్గర నెమరేస్తున్న మేక వైపు చూసింది. తాత కట్టె పట్టుకుని లేచాడు. మేక దాకా పోయి, కట్టె కింద పడేసి, దాని మెడ మీద తల పెట్టి ఏడ్చాడు. మా తాత ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నాయనమ్మ మిగిలిన మూడు మూలలకూ పసుపు పెట్టి ఆ కార్డును ఇంట్లోకి తీసుకుపోయింది. చావుమాటతో పుట్టిన పిల్లకు నూరేళ్లు అంది. అప్పటినుంచి ఏటా కంది కోతలకు పూర్ణం పెట్టిన పోలెలు చేసి, పసుపు పెట్టిన కార్డొకటి రాసి చెల్లె చేతికిచ్చేది. ఆ రోజు కందికాయలు ఉడికితే మొదటి దోసెడు మేకదే.

ఇప్పుడా పని నాది. కార్డు అడిగితే పోస్టాఫీసులో ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, లోపల ఎక్కడో వెతికి తెచ్చాడు. మా వాడలో అరుగులు పోయాయి, సిమెంటు మెట్లు గల్లీ దాకా వచ్చాయి, బయట కూర్చుని రాయడానికి చోటే లేదు. పుట్టినరోజు కేకూ, దండ వేసిన పటమూ ఫోనులో ఒకదాని కింద ఒకటి వస్తాయి, రెంటికీ ఒకటే చప్పుడు.

నాయనమ్మ కబురూ అలాగే వచ్చింది. నేను పెనం మీద రొట్టె తిప్పుతున్నాను, ఫోను పిండి గిన్నె పక్కనే ఉంది. చప్పుడైతే అటు చూశాను. నేను చదవలేదు, అదే కనబడింది. దానికి చింపడానికి మూల లేదు, ఆపుదామంటే అప్పటికే గడప దాటి పొయ్యి దాకా వచ్చేసింది. కార్డు మీద రాయి పెట్టిన రోజు మా తాతకు ఒక పూట దొరికింది. నాకు రొట్టె కాలేంత సేపు కూడా దొరకలేదు.