బిటర్‌రూట్ ఉన్న చోటు

చాముండేశ్వరి కెనడాలో, బర్నబీ నగరంలోని ఒక చిన్న వృక్ష సంగ్రహాలయంలో పాతికేళ్లుగా పనిచేస్తోంది. ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితాలకు అంటించి, పేరు, చోటు, తేదీ రాసి బీరువాల్లో భద్రపరచడం ఆమె ఉద్యోగం. పుట్టింది అనంతపురం దగ్గర. అందుకేనేమో, ఎప్పుడూ ముసురుపట్టి ఉండే బర్నబీలో ఆమెకు ఊపిరాడేది కాదు. నాలుగున్నర గంటలు డ్రైవ్ చేస్తే ఒసోయూస్ దగ్గర వానలు పడని గులకరాళ్ల నేల ఉందని తెలిసి, భర్త పాండురంగతో కలిసి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ వసంతమూ మానలేదు.

అక్కడే లొరేన్ పరిచయమైంది. ఆ లోయ మూలవాసుల్లో పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి. మొదటిరోజు కర్రతో నేల తవ్వుతూ, "తొక్కకు, నీ కాలి కింద మా కూడు ఉంది," అంది. వంగి చూస్తే రాళ్ల మధ్య వేలెడెత్తు ఆకుల కుచ్చు. అదే బిటర్‌రూట్, అంటే చేదు వేరు. ఇంకో నెలకు ఆకులు వాడిపోయి, నేలకు అతుక్కున్నట్టు గులాబీరంగు పూలు విచ్చుకుంటాయి. వేర్లు తవ్వాల్సింది మాత్రం పూత రాకముందే. పై తొక్క ఒలిచి, లోపల ఉండే చిన్న ఎర్రటి ముక్కను గిల్లేయాలి. చేదు ఎక్కువగా దానిలోనే ఉంటుంది. తెల్లటి వేర్లను ఎండబెట్టుకుని చలికాలంలో పళ్లతో కలిపి ఉడికిస్తారు. గొంతునొప్పికి కషాయం కాస్తారు, పాలు పడటానికి బాలింతకు జావ ఇస్తారు. లొరేన్ ఇంట్లో ఏటా తొలి వేర్లకు విందు జరిగేది.

పదకొండు వసంతాలు చాముండేశ్వరి ఆమె పక్కన కూర్చుని వేర్లు ఒలిచింది. ఒక ఏడు సంగ్రహాలయం కోసం ఒక మొక్క అడిగింది.

"తీసుకెళ్లు. చోటు మాత్రం ఎవరికీ చెప్పకు," అంది లొరేన్.

ఎవరికీ చెప్పలేదు. కానీ చీటీ మీద, ఉద్యోగపు అలవాటుకొద్దీ, అక్షాంశ రేఖాంశాలతో సహా రాసింది. కొన్నేళ్లకు సంగ్రహాలయం చీటీలన్నింటినీ ఆన్‌లైన్‌లో పెట్టింది. స్కాన్ చేసింది చాముండేశ్వరే. ఆ చీటీ చేతికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది కూడా. ఆ రోజుకింకా నాలుగువందల చీటీలు మిగిలి ఉన్నాయి. పెట్టేసింది.

మరుసటి ఏప్రిల్‌లో వెళ్లేసరికి కొండవాలంతా గుంటలు. అరుదైన మొక్కలు అమ్ముకునేవాళ్లెవరో ఒక్కటీ మిగల్చకుండా పెకలించుకుపోయారు. లొరేన్ ఒక గుంట పక్కన కూలబడి ఉంది.

"మా అమ్మమ్మ తవ్విన చోటిది. ఎప్పుడూ సగం వదిలేది," అంది.

తిరుగు ప్రయాణంలో పాండురంగ అన్నాడు: "వాళ్లు ఇంకెట్లయినా కనుక్కుని ఉండొచ్చు కదా!"

"కాదండీ. ఇందాక ఫోన్లో చెక్ చేశాను. ఆ ఒక్క రికార్డే నూటముప్పైసార్లు ఓపెన్ అయింది."

"నువ్వు చెప్పకపోతే ఆమెకెట్లా తెలుస్తుంది? చెప్తే ఉన్న స్నేహం పోతుంది."

"పోనీండి. కారు తిప్పండి."

చాముండేశ్వరి లొరేన్ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను," అని లొరేన్ తలుపు వేసుకుంది.

ఆ వారమే చాముండేశ్వరి ఆ రికార్డులోంచి చోటు తీసేయించింది. అలాంటివే మరో రెండువందల మొక్కల చోట్లు దాచేదాకా పైవాళ్లతో పోట్లాడింది. లొరేన్‌కు మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు.

మొన్న ఫిబ్రవరిలో లొరేన్ కూతురు డెలియా ఫోన్ చేసింది. "అమ్మ పోయింది. చివర్లో ఏదీ మింగలేకపోయింది. వేర్ల జావ అడిగింది. పక్క లోయవాళ్ల దగ్గర గుప్పెడు దొరికేసరికి ఆలస్యమైంది."

"నేను రావచ్చా?"

"అంత్యక్రియలకు వద్దు. ఏప్రిల్‌లో రా. కొండ మీద విత్తనాలు చల్లాం. కలుపు ఎక్కువైంది, పీకేవాళ్లు కావాలి."

వెళ్లింది. డెలియా ఆమెకు ఒక వైపు చూపించి తను రెండో వైపుకు వెళ్లిపోయింది. అరవైమూడేళ్ల చాముండేశ్వరి మోకాళ్ల మీద కూర్చుని సాయంత్రం దాకా గడ్డి పీకింది. ఆ మొలకలు బతికితే, పూయడానికి మూడు నాలుగేళ్లయినా పడుతుంది. ఆ రోజు ఆమెకు కనిపించినవి పద్నాలుగు. మే నెలలో మళ్లీ వెళ్లేసరికి తొమ్మిది మిగిలాయి. డెలియా ఆ రోజు కూడా రెండో వైపుకే వెళ్లిపోయింది.