ఆక్సిజన్ పెట్టెల కోసం

రేవులో లారీలకు గేటు పాసులిచ్చే ఆమెను డ్రైవర్లందరూ వదినా అనే పిలిచేవారు. సొంత మరిది అక్కడే లారీ నడిపేవాడు. అతని పిలుపే అందరి నోళ్లలో నానింది. ఆమె నోరు కాస్త దురుసే గానీ, ఏ బండినీ ఊరికే నిలబెట్టదని పేరు.

ఊరు ఊరంతా ఊపిరాడని జబ్బుతో అల్లాడుతున్న రోజులవి. ఒక ఉదయం పై అధికారి పేరుతో మెయిల్ వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్లు దిగుతున్నాయి, వివరాలు జతచేశాం, వెంటనే చూడండి అని. ఆ కబురు కోసమే అందరూ కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. ఆమె తెరిచింది. లోపల ఏమీ లేదు.

"తొందరలో ఖాళీ కాగితం పంపినట్టున్నారు" అని విసుక్కుని పనిలో పడింది.

మధ్యాహ్నానికి రేవులోని కంప్యూటర్ తెరలన్నీ నల్లబడ్డాయి. తాళం మా దగ్గరుంది, డబ్బు బేరానికి రండి అని ఒక వాక్యం మాత్రం మిగిలింది. క్రేన్లు ఆగిపోయాయి. సిలిండర్లు అప్పటికే నిజంగానే ఓడ దిగాయి గానీ, కొండల్లా పేర్చిన కంటైనర్ పెట్టెల్లో ఏది ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు.

మరిది ఖాళీ లారీతో లోపలే ఉన్నాడు. "వదినా, ఆస్పత్రివాళ్లు ఒకటే ఫోన్లు. ఏ పెట్టెలో ఉన్నాయో చెప్పు చాలు!"

"తెలిస్తే చెప్పనా? పద, వెతుకుదాం."

ఇద్దరూ సీళ్లు తెంపే కట్టర్లు పట్టుకుని పెట్టె తర్వాత పెట్టె తెరిచారు. బొమ్మలు, పలకరాళ్లు, చొక్కాలు. పొద్దు వాలుతుండగా సిలిండర్లు దొరికాయి. అతను ఎక్కించుకుని వెళ్లేసరికి ఒక వార్డులో ఊపిరి అందక కొందరు పోయారు.

దొంగలు ఏ దేశంలో ఉన్నారో కూడా తేలలేదు. ఎలా చొరబడ్డారో మాత్రం తేలింది, ఆమె తెరిచిన ఆ ఉదయపు మెయిల్‌లోంచే. ఆ సంగతి మరెవరో చెప్పకముందే ఆమె మరిదిని కూర్చోబెట్టి చెప్పేసింది.

అతను లారీ తాళాలు తీసుకుని లేచాడు. "ఎవరైనా తెరుస్తారు వదినా" అన్నాడు. గొంతులో తడి లేదు.

తర్వాత ఆఫీసులో జాగ్రత్తల పాఠాలు పెట్టారు. ఆ మెయిల్‌నే గోడ మీద చూపించి, "దీన్ని తెరిచే అమాయకులుంటారా?" అన్నాడు చెప్పేవాడు. అందరూ నవ్వారు. ఆమె లేచి, "నేనే తెరిచానండీ" అంది.

మరిది రాకపోకలు మానలేదు. వస్తాడు, పిల్లల్ని ఎత్తుకుంటాడు, ఆమె పెట్టింది తింటాడు. ఆ సాయంత్రం వార్డులో ఏం చూశాడో మాత్రం, ఎన్నిసార్లు అడిగినా చెప్పడు.