కోకుగోంజా అవ్వ జుట్టులో మెరుపు

ఆ స్కేలు కోసం ఆమె చెయ్యెందుకు చాచింది?

ఇన్నేళ్లలో చాలా పుస్తకాలు చదివాను. జవాబు దొరకని ప్రశ్నల్ని పక్కన పెట్టి ముందుకు పోవడం కూడా వాటి దగ్గరే నేర్చుకున్నాను. ఇదొక్కటే పక్కన ఉండనంటుంది. ఆ రోజు ఎవరెవరు చూస్తున్నారో ఆమెకి తెలుసు. ఎందుకు చూస్తున్నారో కూడా తెలుసు. అయినా చాచింది.

కోకుగోంజా అవ్వ మా బడిలో జావ కాసేది. ఆరో తరగతి గోడ వెనక రేకుల చావిడి, మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మా అందరికీ సరిపోయే మొక్కజొన్న జావ కుండ. పొయ్యికీ మా తరగతికీ మధ్య తలుపుల్లేని కిటికీ ఒకటే అడ్డం. భర్త ఎప్పుడో పోయాడు. కన్న పిల్లలెవరూ దక్కలేదు. ఓ పాత ఇల్లు, దాని చుట్టూ అరటితోట, అంతే ఆమె ఆస్తి. మా ఆడవాళ్లంతా తలకి వెన్న రాసుకునేవాళ్లు. భర్త పోయాక ఆమె మానేసింది. రోజంతా పొయ్యి సెగలో ఉండి ఉండి ఆ తెల్లజుట్టు పగిలిన పత్తికాయలా పొడిపొడిగా లేచి ఉండేది. జావ పోయడం అయ్యాక రోజూ కిటికీలోంచి తల పెట్టి, "వెళ్లొస్తానర్రా!" అని అరిచి ఇంటికి పోయేది. పాఠం మధ్యలో ఉన్నా సరే, మేమంతా "వెళ్లి రా అవ్వా!" అని రాగం తీసేవాళ్లం. దానికి విసుక్కోని ఒకే ఒక్క పంతులు బరోంగో మాస్టారు.

ఆయన బుకోబా పట్నం నుంచి కొత్తగా వచ్చాడు. సైన్సు చెప్పేవాడు. ఒకరోజు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'ఉమేమే' అని రాశాడు. మేమందరం కిటికీలోంచి ఆకాశంకేసి చూశాం. మా ఊరికి అప్పటికి కరెంటు తీగ రాలేదు. మా భాషలో మెరుపుకీ కరెంటుకీ మాట ఒకటే. ఊళ్లో ఏటా ఒక గొడ్డునో, ఒక మనిషినో తీసుకుపోయేదాని పేరది.

"దాన్ని పేరుపెట్టి పిలవకు నాయనా, వానాకాలం!" అంది అవ్వ కిటికీ అవతల నుంచి.

"నేను పిలిచేది చిన్నదాన్ని అవ్వా. అది కరవదు," అన్నాడు మాస్టారు.

కాగితం ముక్కలు చింపి బల్ల మీద పోశాడు. ఎర్ర ప్లాస్టిక్ స్కేలుని తలకేసి రుద్ది వాటి మీద పట్టాడు. ఒక్క ముక్కా కదల్లేదు. ఆయన తల నూనెతో నిగనిగలాడుతోంది. మా తలల మీద రుద్దాడు. పొద్దున వానలో తడిసి వచ్చాం, అప్పుడూ కదల్లేదు. వెనక బల్ల నుంచి ఎవరో, "మాస్టారూ, అది అలిగింది!" అన్నారు. నవ్వులు. మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, నీ జుట్టు కాస్త అప్పిస్తావా?"

"తిరిగిస్తావా మరి?" అంటూనే తల వంచింది.

రుద్దాడు. పట్టాడు. కాగితం ముక్కలు మిడతల్లా ఎగిరి స్కేలుకి అతుక్కున్నాయి. అవ్వ గరిటె పడేసి చప్పట్లు కొట్టింది. "నాకివ్వు, నాకివ్వు," అని స్కేలు లాక్కుని తనే మళ్లీ మళ్లీ చేసింది. ఆ రోజు జావ మాడింది. మాడు వాసనతోనే తాగాం.

ఇక ఆ పాఠం అయ్యేదాకా అవ్వ కిటికీ వదల్లేదు. టార్చి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు తీగలు తెచ్చి చూపించిన రోజున మాస్టారు అన్నాడు: "ఉమేమే ఇంట్లోంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరాలి. తిరిగొచ్చే దారి తెగిందా, అసలు అడుగే వెయ్యదు." తీగ తీశాడు, బల్బు ఆరింది. పెట్టాడు, వెలిగింది.

"అబ్బో, మా ఆయనకంటే తెలివైందే! ఆయన ఏ దారి కనపడితే ఆ దారిన పోయేవాడు," అంది అవ్వ.

ఆ నెలలోనే, అవ్వ పక్క తోట కెమిలెంబే అనే ఆవిడ కొడుకు ముతెంబెయ్ పోయాడు. ఊరవతలి సరస్సు మీంచి నల్లగా మబ్బొచ్చింది. తోటలో అరటిగెల కోస్తున్నవాడు కోస్తున్నట్టే పడిపోయాడు. పెళ్లి కుదిరిన పిల్లాడు, వాళ్లమ్మకి ఒక్కడే. అంతకుముందు వారం గట్టు మీది అరటిబోద ఎవరిదని అవ్వకీ అతనికీ మాటా మాటా వచ్చింది. "పైవాడు చూస్తున్నాడులే," అందిట అవ్వ. అనని వాళ్లెవరు? కానీ పైనుంచి వచ్చింది పిడుగు. పిడుగు దానంతటదే రాదనీ, ఎవరో పంపితేనే వస్తుందనీ మా వాళ్ల నమ్మకం.

పరామర్శకి నేనూ మా అమ్మతో వెళ్లాను. కెమిలెంబే ఇంట కొత్తగడ్డి పరిచారు. ఆడవాళ్లంతా వరసగా కూర్చున్నారు. అవ్వ వచ్చింది, చేతిలో చిన్న బుట్ట. అందులో నమలడానికి ఉడికించి ఎండబెట్టిన కాఫీ గింజలు. మా దగ్గర ఎవరైనా ఆ బుట్ట చాచితే ఒక్క గింజైనా తీసుకోవాలి. తీసుకోకపోతే, నువ్వు నాకు మనిషివి కాదని ముఖం మీద చెప్పినట్టే. అవ్వ మొదటి ఆమె ముందు చాచింది. ఆమె గడ్డికేసి చూస్తూ ఉండిపోయింది. రెండో ఆమె పక్కకి తిరిగింది. మా అమ్మ చెయ్యి లేచింది, అటూ ఇటూ చూసి మళ్లీ ఒళ్లో పడింది. అవ్వ వరస చివరి దాకా వెళ్లింది. తర్వాత తనే ఒక గింజ నోట్లో వేసుకుని నములుతూ బయటికి నడిచింది.

ఆమెని ఊళ్లో ఉంచాలా, వెళ్లగొట్టాలా తేల్చడానికి పంచాయితీ పెట్టారు. ఇల్లు పోతే, తోట పోతే ఆ వయసులో ఎక్కడికి పోతుంది? బరోంగో మాస్టారు ఊరిపెద్ద కాళ్లావేళ్లా పడ్డాడు. "ముందు నన్నొక్క మాట చెప్పనివ్వండి. ఉమేమే ఏమిటో కళ్లకి చూపిస్తాను. తర్వాత మీ ఇష్టం."

వాన పడుతోందని పంచాయితీ మా తరగతిలోనే జరిగింది. పిల్లల బల్లల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అవ్వకి ఎవరూ చోటివ్వలేదు. రోజూ నిలబడే చోటే, కిటికీ అవతల పొయ్యి పక్కన నిలబడింది. మాస్టారు బాగా చెప్పాడు. మబ్బులో మంచు పలుకులు ఒకదానికొకటి రాచుకుంటాయని, ఆ రాపిడికి ఉమేమే పుట్టి పోగుపడుతుందని, పట్టలేనంత అయ్యాక నేలమీదికి దూకుతుందని, దానికి శత్రువూ మిత్రుడూ లేరని చెప్పాడు. ముసలివాళ్లు కొందరు తల ఊపారు. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు జేబులోంచి ఎర్ర స్కేలు తీశాడు.

తలకి రుద్దాడు, కాగితాల మీద పట్టాడు. ఏమీ కాలేదు. గదంతా తడిబట్టల చెమ్మ, ఆయన నుదుటంతా చెమట. మళ్లీ రుద్దాడు. మళ్లీ.

"ఇదేనా మాస్టారూ?" అంది కెమిలెంబే. ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "నా కొడుకుని చంపినది నీ కాగితం ముక్కని కదపలేకపోతోందా?"

ఎవరో నవ్వి, మధ్యలో ఆపుకున్నారు. మాస్టారు తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడు కిటికీలోంచి చెయ్యి వచ్చింది.

"ఇలా ఇవ్వు నాయనా. నీ తల పనికిరాదని ఆ రోజే చూశాంగా."

ఆయన ఇచ్చాడు. బల్ల కూడా కిటికీ దగ్గరికి జరిపాడు. అవ్వ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. స్కేలుని తెల్లజుట్టు మీద ఒకే వైపుకి రుద్ది, చెయ్యి ఒణక్కుండా కాగితాల మీద పట్టింది. ముక్కలన్నీ లేచాయి. ఒకటి ఆమె వేలికి కూడా అంటుకుంది.

"చూశారా?" అంది. ఆ ముఖం నాకిప్పటికీ కళ్ల ముందుంది. లెక్క సరిగ్గా చేసిన పిల్ల ముఖం. "ఎవరైనా చెయ్యొచ్చు!"

అందరూ స్కేలుని కాదు, ఆమె జుట్టునే చూస్తున్నారు.

కెమిలెంబే లేచి నిలబడింది. "రుద్దితే పుడుతుందని మాస్టారు చెప్పాడు. నాకర్థమైంది. రుద్దింది నువ్వే. పుట్టింది నీకే."

"పొడిజుట్టమ్మా అది! పొయ్యి దగ్గర ఉంటుంది కాబట్టి పొడిగా ఉంది!" అని అరిచాడు మాస్టారు. "నేనే నేర్పాను ఆమెకి. ఎవరైనా తల ఆరబెట్టుకుని రండి, మీకూ వస్తుంది. రండి!"

ఎవరూ రాలేదు. ఆ స్కేలు ముట్టుకోవడానికి ఎవరికుంటుంది గుండె?

"నేర్పినవాడి చేతిలో రానిది, నేర్చుకున్నదాని చేతిలోకి ఎలా వచ్చింది మాస్టారూ?" అంది కెమిలెంబే. గట్టిగా కూడా అనలేదు.

దానికి ఆయన చాలాసేపు జవాబు చెప్పాడు. ఎవరూ వినలేదు. ఊరిపెద్ద గొంతు సవరించుకుని, వచ్చే సంతలోపు ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. కొట్టకూడదు, తిట్టకూడదు అని కూడా అన్నాడు. మంచివాడే. అవ్వ స్కేలుని కిటికీ గూట్లో పెట్టి, వేలికి అంటుకున్న కాగితం ముక్కని నెమ్మదిగా తీసేసింది.

మా అమ్మ పోయేదాకా ఒకటే మాట: "అది గర్వం. ముసలిదానికి చదువు తలకెక్కింది." బరోంగో మాస్టారు మరోలా అనుకునేవాడు. తను నవ్వులపాలవుతుంటే చూడలేక చెయ్యి చాచిందని ఆయన బాధ. నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, పుట్టి బుద్ధెరిగాక ఆమె బడిలో నేర్చుకున్నది ఆ ఒక్క పాఠమే, దాన్ని నలుగురి ముందు చేసి చూపాలనుకుందేమోనని. ఇంకోసారి అనిపిస్తుంది, కాఫీ బుట్ట ఎవరూ అందుకోని రోజునే ఆమె అంతా తేల్చేసుకుందేమోనని. ఏది అనుకున్నా ఆ ముఖంలోని సంతోషం దానికి సరిపడదు.

తర్వాత కూడా ఆమె జావ కాసింది. మా అమ్మలు వద్దన్నారు, మేం తాగలేదు. రోజూ నిండుకుండ అలాగే ఉండిపోయేది.

సంత ముందురోజు మాస్టారు నల్లబల్ల మీద బ్యాటరీ, బల్బు, తీగలు గీశాడు. ఒకచోట తీగ తెంపి గీసి, "ఇది ఎందుకు వెలగదు?" అని అడిగాడు. మామూలుగా అయితే కిటికీలోంచి మాకంటే ముందే జవాబు వచ్చేది. రాలేదని అందరం అటు తిరిగాం. పొయ్యి ఆర్పి ఉంది. కుండ తోమి మూడు రాళ్ల మీద బోర్లించి ఉంది.

అవ్వ నెత్తి మీద చాప చుట్ట, చేతిలో కాఫీ బుట్ట పట్టుకుని గోడ పక్కనుంచే నడుస్తోంది. మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. మేమందరం ఆమె అనగానే అందుకుందామని ఎదురుచూశాం. కిటికీ దగ్గరికి వచ్చింది. కిటికీ దాటింది. వెళ్లొస్తానని అనలేదు.