న్యూట్రల్‌లో దొరికిన కారు

యాభై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. దాని చుట్టూ కథలు మాత్రం బోలెడు చెప్పాను. జనగామలో నన్ను ఎరిగినవాళ్లంతా వినే ఉంటారు: మోటబావిలో మునిగిన దొర రేసు కారును నేను ఎట్లా కనిపెట్టానో, బావిలోకి ఎట్లా దూకానో, ముప్పై మందితో ఎట్లా లాగించానో. నేను దూకలేదు. నాకు ఈత రాదు. లాగింది పదకొండు మంది, రెండు జతల ఎడ్లు. కనిపెట్టింది కరువు. ఎనభైల్లో ఒక ఎండాకాలం బావి ఎండిపోయి, బురదలోంచి స్టీరింగు బయటపడింది.

ఆ కోతలు పోతే పోనీ, వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అసలు సంగతికి రావడానికి ఇంకా వెనకాడుతున్నాను, చూశారా.

అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం రోజులు. నాకు ఇరవై రెండేళ్లు, మెకానిక్కుని. దొర తోటలోని షెడ్డులో, ఆయన తండ్రి బొంబాయి నుంచి తెప్పించిన రెండు సీట్ల రేసు కారు ఉండేది. దాని బాధ్యత డ్రైవరు కొమురయ్యది. కార్బొరేటరు బాగుచేయమని నన్ను పిలిచారు. ఆ రోజు బంద్. మధ్యాహ్నం కొమురయ్య కారును నాకు అప్పగించి అన్నానికి ఇంటికి పోయాడు. హైదరాబాదు రోడ్డు మీద బస్సు లేదు, లారీ లేదు. అట్లాంటి రోడ్డూ, అట్లాంటి బండీ మళ్లీ ఒక్కచోట దొరుకుతాయా? తీశాను. రెండు మైళ్లు పోయి వచ్చాను. నూరు మైళ్ల వేగం అని రాయాలని ఇప్పుడు కూడా చెయ్యి లాగుతోంది. నలభై దాటలేదు. తోట మలుపులో బురదకు జారింది. నేను దూకేశాను. కారు పక్కనున్న మోటబావిలో పడింది. వానాకాలం, గట్టు దాకా నీళ్లు. బుడగలు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. సాయంత్రం కురిసిన వాన చక్రాల జాడ కూడా తుడిచేసింది.

దొర అడిగితే, పని ముగించి నేను ముందే వెళ్లిపోయాననీ, అప్పటికి కొమురయ్య అక్కడే ఉన్నాడనీ చెప్పాను. అతను కాదన్నాడు. కారును ఉద్యమం పిల్లలకు అప్పగించి ఉంటాడని ఊరు అనుకుంది. చివరికి ఇద్దరినీ కురవి తీసుకుపోయి, తడిబట్టలతో వీరభద్రస్వామి ముందు ప్రమాణం చేయమన్నారు. కొమురయ్య చేశాడు. నేనూ చేశాను. నా గొంతు వణకలేదు. ఎందుకు వణకలేదు?

అబద్ధమాడినవాడికి నలభై రోజుల్లో కీడు తప్పదన్నారు. రోజూ చెప్పులు దులిపి చూసుకుని తొడుక్కునేవాడిని, తేలు ఉంటుందేమోనని. నాకు తలనొప్పి కూడా రాలేదు. ముప్పయ్యో రోజు కొమురయ్య ఎడ్లబండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊరికి తీర్పు దొరికింది. అతని కొలువు పోయింది. ములుగు ఘనపూర్ దగ్గర అత్తగారి ఊరికి పోయి, కుంటుకుంటూ పొలం పనులకు కుదిరాడు.

ఏళ్ల తరువాత కారు బయటపడితే, బాగుచేయమని నాకే ఇచ్చారు. వేలితో పొడిస్తే రేకు లోపలికి పోయేంత తుప్పు. కిరసనాయిలులో నానబెట్టి, చెక్కదిమ్మ పెట్టి కొట్టి, పట్టేసిన పిస్టన్లను కదిలించడానికే రెండు నెలలు పట్టింది. కాని అన్నిటికంటే ముందు చేసిన పని ఒకటుంది. గేరు మూడులో ఉంది. ఎవరో నడుపుతుండగానే పడిందని ఏ డ్రైవరైనా చెబుతాడు. మూడు రోజులు తలుపు వేసుకుని, నూనె పోసి, సుత్తితో తట్టి తట్టి, దాన్ని న్యూట్రల్‌కు తెచ్చాను.

నాలుగో రోజు, కారు దొరికిందని విని కొమురయ్య వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తమ్మీ, గేరు దేంట్ల ఉన్నది?"

"న్యూట్రల్‌ల."

"నీ నోటిని నమ్మరాదు గని, నీ చెయ్యి మంచిది. నువ్వేమన్న కదిలించినవా?"

"గింత తుప్పుల ఎట్ల కదులుతదన్నా?"

"హ్యాండు బ్రేకో?"

"ఏసి లేదు."

అతను నేల మీద కూలబడ్డాడు.

"అయితే నేనే. నువ్వు పోయినంక కడుగుదామని బయటికి గుంజి ఉంట. బ్రేకు మరిచి బువ్వకు పోయిన. అదే జారుకుంట పోయి పడ్డది. ఇన్నేండ్లు నిన్ను అనుమానపడ్డ. స్వామి తప్పు చేస్తడా? మనసుల పెట్టుకోకు తమ్మీ."

"పోనీ తియ్యన్నా" అన్నాను. అంటే, క్షమించాను. నేను, అతన్ని.

కారు మళ్లీ నడిచింది. ఫొటోలు తీశారు, దండలు వేశారు. కొమురయ్య ఆ తరువాత ఏ బండి స్టీరింగూ పట్టలేదు. గొళ్లెం పెట్టానా, పొయ్యి ఆర్పానా అని రెండేసిసార్లు లేచి చూసుకునేవాడట. అట్లాగే పోయాడు. ఎప్పుడైనా కనబడితే, "మా నాయినకు మరుపు బాగ" అని అతని కూతురు నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆమెకు ఎందుకు చెప్పలేదు? భయమా? ఆ వయసు దాటిపోయింది. అలసట అనుకుంటాను. ఇంత ఆలస్యంగా నిజం చెబుతూ ఎవరి ముఖం చూడాలో తెలియని అలసట.

మన్నింపు అడగను. అడగవలసిన మనిషి లేడు.

కొమురయ్య ఏదీ మరిచిపోలేదు. ఇంతకాలం ఈ సంగతి నా ఒక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.