స్కోరుబోర్డులో రెండో ఒకటి

ఒక తాళం, ఒక ట్రంకుపెట్టె, ఒక జాబితా. ఈ మూడింటితో ఒక మంచిమనిషికి నిలువ నీడ లేకుండా చేయడం ఎలాగో కావాలంటే నన్నడగండి.

డిప్లొమా పూర్తయిన ఏడు, ఉత్తరాదిన బాగ్‌బేరాలో మా రైల్వే కాలనీ మైదానానికి స్కోరుబోర్డు నిలబెట్టే పని నాకు అప్పగించారు. ఇనుప స్తంభాలు, సిమెంటు, కొక్కేలు, వాటికి తగిలించే రేకు అంకెలు, అన్నిటికీ జాబితా రాశాను. ప్రతి వరుసకూ ఎర్రసిరాతో టిక్కు. సరిచూసుకుని రెండో టిక్కు.

రేకుముక్క కనబడితే లోకమంతా దొంగే అని నా నమ్మకం. అందుకే అంకెల్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాను. పెట్టెకు కాపలా అప్పలస్వామి మావ. ఖలాసీగా రిటైరై, మైదానం చూసుకుంటూ అక్కడి గదిలోనే ఉండేవాడు. కాపలాదారుకు కాపలా నేను.

సోనారి జట్టుతో మొదటి మ్యాచి. పది పరుగుల దాకా బోర్డు పెళ్లికొడుకులా వెలిగింది. పదకొండు రాగానే రెండో ఒకటి కోసం పెట్టెలో చెయ్యి పెట్టాను. లేదు.

"మావా, పెట్టె దగ్గరికి ఎవరొచ్చారు?"

"నువ్వే వచ్చినావు బాబూ. పొద్దున్నించి నాలుగుసార్లు."

అని, ఒక స్టంపు తెచ్చి పురికొసతో కొక్కేనికి వేలాడదీశాడు. అచ్చం ఒకటిలాగే ఉంది. చూశారా, స్టంపు అంత సిద్ధంగా ఉందంటే అంకె పోతుందని ముందే తెలుసన్నమాట.

ఇరవైరెండు దగ్గర రెండో రెండూ లేదు. దొంగ వరుసక్రమం తప్పడం లేదు. వెంటనే వెళ్లి క్రీడా కార్యదర్శి మిశ్రాజీని పిలుచుకొచ్చాను. చోరీ రుజువైతే మావ సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలన్నాడాయన.

మావ జేబులు తిరగేసి చూపించాడు. బీడీకట్ట, సున్నం డబ్బీ. "రెండంకెని నానేటి సేసుకుంతాను బాబూ? కూర వండుకుంతానా?"

ఇంతలో ముప్పైమూడు. రెండో మూడు లేదు. నేను విజయగర్వంతో మిశ్రాజీ వైపు చూశాను.

"కిత్నా బన్‌వాయా థా?" అన్నాడాయన.

ఎన్ని చేయించానో చెప్పడానికి జాబితా విప్పి గట్టిగా చదివాను. "సున్నా నుంచి తొమ్మిది దాకా. ఒక్కొక్కటి. మొత్తం పది."

పక్కన రెండు టిక్కులు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే నా భుజాలు తడుముకోవలసింది పోయి మావ భుజాలు తడిమాను. తలవంచుకుని క్షమాపణ చెప్పాను. మావ తిట్టలేదు. బోర్డు వైపు చూస్తూ అన్నాడు.

"నలబైనాలుగు రాకముందే ఏదో ఒకటి సెయ్యి బాబూ. నాలుగులాగుండే కర్ర నాకాడ నేదు."

ఆరోజే ప్రమాణం చేశాను. ఇతరుల జేబుల కన్నా ముందు నా జాబితా వెతుక్కుంటాను. బుద్ధి వచ్చింది కనక ఆ ప్రమాణాన్ని రెండు కాపీలు రాశాను. ఒకటి ఇదిగో, నా ముందే ఉంది. రెండోది కనబడటం లేదు. నేనెవర్నీ అనుమానించడం లేదు.

నిన్న మావ మా ఇంటికి టీకి వచ్చిన మాట మాత్రం నిజం.