తాళం వేసిన బడి వార్త

2004. నర్సీపట్నంలో నేను ఒక దినపత్రికకు స్ట్రింగర్‌ని, అంటే ఊళ్లోనే ఉండి వార్తలు పంపే విలేకరిని. తొంభైల్లో వార్తల కవరు విశాఖ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. ఆ ఏటికి ఇంటర్నెట్ సెంటర్ నుంచి మెయిల్ చేస్తున్నాం. పత్రిక నెట్‌లోనూ వస్తోంది. ఎవరు ముందు పంపితే వాళ్లే గొప్ప.

మాలో కామన్ కాపీ అనే అలవాటుండేది. ఒకరు వెళ్లి చూసొస్తే మిగతావాళ్లం అదే అటూ ఇటూ మార్చి రాసుకోవడం. కొయ్యూరు వైపు కొండ ఊరికి వెళ్లొచ్చిన మిత్రుడు అక్కడి బడికి తాళం ఉందన్నాడు. టీచర్ రావడం లేదన్న ముక్క నేనే చేర్చి, ఆమె పేరుతో సహా పంపేశాను.

నాలుగో రోజున ఆ టీచర్, రూతమ్మ గారు, మా ఇంటికొచ్చారు. యాభై దాటిన మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"బాబూ, మీరు మా ఊరొచ్చి సూసేరా?"

"లేదండీ. తాళం ఉందని చెబితే..."

"తాళం నేనే ఏసేను. కప్పు పడిపోయేలా ఉంది. పిల్లల్ని సర్చిలో కూకోబెట్టి సెప్తన్నాను. ఆ వొచ్చినాయన తాళం కాడ ఒక్క నిమిషం నిలబడితే ఎక్కాలు ఇనబడేవి."

అప్పటికే ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. సవరణ వేయిస్తానన్నాను. పేపరు రేపటికి పకోడీల పొట్లం అయిపోతుందని ధైర్యం కూడా చెప్పాను. 'సమాచార లోపం' అంటూ లోపలి పేజీలో రెండు లైన్లు వచ్చాయి. అది చూపించి ఆమె మెమో నుంచి బయటపడ్డారు.

2009లో, రిటైర్మెంటుకు నెల ముందు, మళ్లీ వచ్చారు. సన్మాన పత్రం రాద్దామని తోటి మాస్టర్లు నెట్‌లో ఆమె పేరు కొడితే నా వార్తే వచ్చిందట. సవరణ అక్కడ లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగానికి మిగిలింది అదొక్కటే.

"ఏటి బాబూ, ఈ పేపర్లో పకోడీలు కట్టరా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఈసారి సమాచార లోపమని రాయలేదు. ఆ ఊరికి వెళ్లకుండానే రాశానని, అది నా తప్పని రాసి, నెట్‌లో ఆ వార్త కిందే పెట్టమన్నాను. నీ పేరే పోతుందని డెస్క్‌లో హెచ్చరించారు. పోనివ్వండి అన్నాను. సన్మానం నాటికి పెట్టారు.

ఆ సభలో, నిజం కోసం పట్టుబట్టిన విలేకరినని నన్ను పొగిడారు. చప్పట్లు కొడుతుంటే ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను: రెండుసార్లూ ఆమె గుమ్మంలోకి వచ్చి అడిగితేనే కదిలాను.

నెట్ వచ్చాక విలేకరికి పని ఉంటుందా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. సన్మానం అయిన వారానికి నేను ఆ ఊరు వెళ్లాను. బడి కప్పు ఇంకా వేయలేదు. తాళం దగ్గర నిలబడితే చర్చిలోంచి ఏడో ఎక్కం వినబడింది. అది పూర్తయ్యేదాకా అక్కడే ఉండి, ఆ వార్త రాశాను. వానల్లోపు బడికి కొత్త కప్పు వేశారు.